మంజన్న ముక్కు

జహీరాబాద్‌లో పాత హైవే పక్కన, ఎండుమిర్చి గోదాము గోడకు ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. ఉన్న బోర్డు ఎప్పుడో గాలిదుమారానికి ఎగిరిపోతే, మళ్లీ పెట్టించాలన్న ఆలోచన దాని యజమాని మంజునాథ్‌కు రాలేదు. వచ్చే అవసరమూ లేదు. మొగుడంపల్లి నుంచి వచ్చేవాడైనా, కోహీర్ నుంచి వచ్చేవాడైనా చౌరస్తాలో ఆగి "ముక్కు మంజన్న షెడ్డు ఎటు?" అని అడిగితే చాలు, పాన్‌డబ్బా ఆయన తల కూడా ఎత్తకుండా చెయ్యి చూపిస్తాడు.

ముక్కు మంజన్న అంటే అదేదో గద్దముక్కు అనుకునేరు. చూడబోతే అందరికీ ఉండేలాంటి ముక్కే. దాని పనితనమే వేరు. బండి షెడ్డులోకి రాగానే వేరే మెకానిక్కులు పానాలు వెతుక్కుంటారు. మంజునాథ్ బానెట్ ఎత్తి, కళ్లు మూసుకుని, నిండుగా ఒక్కసారి గాలి పీల్చేవాడు. ఆ తర్వాత నింపాదిగా, "క్లచ్ ప్లేట్ కాలుతున్నది" అనో, "రేడియేటర్ నీళ్లు ఇంజన్లకు దిగుతున్నయి" అనో చెప్పేవాడు. విప్పి చూస్తే సరిగ్గా అదే ఉండేది. ఒకసారి పెళ్లివాళ్ల జీపు డీజిల్ ఫిల్టర్ కోసం ఆగితే, పెళ్లికొడుకును లోపలి నుంచి దింపేదాకా ఊరుకోలేదు. డ్యాష్‌బోర్డు వెనకాల వైరు కాలుతున్న వాసన వస్తోందన్నాడు. ముహూర్తం దాటిపోతుందని వాళ్లంతా మీదపడి అరిచారు. రేకు ఊడదీస్తే వైరు మీది ప్లాస్టిక్ కరిగి కారుతోంది. ఆ పెళ్లికొడుకు ఇప్పటికీ పండక్కో పబ్బానికో వచ్చి దండం పెట్టి పోతుంటాడు.

ఈ విద్య తండ్రి నుంచి వచ్చింది. ఆయన హుమ్నాబాద్ వైపు నుంచి బతకడానికి వచ్చి, చెరకు లారీలకు గ్రీజు కొడుతూ ఇక్కడే స్థిరపడ్డాడు. ఇంట్లో ఇప్పటికీ కన్నడమే. బజార్లో తెలుగు, గిరాకీని బట్టి ఉర్దూ. తండ్రి ఏ భాషలోనూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కొడుకు తలను ఇంజన్ మీదికి వంచి, వాసన చూడమనేవాడు. చదువు అబ్బలేదు గానీ ఇది మాత్రం అబ్బింది. అదే అన్నం పెట్టింది, పేరు తెచ్చింది, ఊళ్లో పిలిచే పేరే అయిపోయింది.

అంత ముక్కూ కరోనాలో పోయింది.

రెండో విడతలో జ్వరం పట్టుకుంది. అందరికీ వచ్చినట్టే వచ్చింది, పోయింది. జ్వరం పోయాక షెడ్డుకు వచ్చి డబ్బాలో పెట్రోలు పోస్తుంటే సగం ప్యాంటు మీద ఒలికింది. తడి తగిలేదాకా అతనికి తెలియలేదు. డబ్బా ఎత్తి మూతి దగ్గర పెట్టుకుని పీల్చాడు. మంచినీళ్ల బిందెలో ముక్కు పెట్టినట్టే ఉంది. దవాఖానకు పోతే డాక్టరు నవ్వి, "అదే వస్తది, ఫికర్ జేయకు" అన్నాడు. మంజునాథ్ కూడా వస్తుందనే అనుకున్నాడు. పొద్దున్నే షట్టర్ ఎత్తగానే పెట్రోలు గుడ్డ ముక్కుకు ఆనించుకుని చూసేవాడు. చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది, మళ్లీ చలికాలాలు వచ్చాయి. రాలేదు.

కన్ను పోతే నలుగురూ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తారు. కాలు పోతే కర్ర ఇస్తారు. ముక్కు పోయిందని ముక్కు మంజన్న ఎవరికి చెప్పుకుంటాడు, ఏమని చెప్పుకుంటాడు? చెప్పలేదు. పెళ్లాం శివమ్మకు కూడా చెప్పలేదు. ఆమె అన్నం పెడితే "మస్తున్నది" అని తిని లేచేవాడు. ఉప్పూ కారం నాలుకకు తెలిసేవి, మిగతాదంతా మట్టి నమిలినట్టుండేది. షెడ్డులో మాత్రం ఆట ఆగలేదు. ఈ కాలం బండ్లకు స్టీరింగ్ కింద గుచ్చే చిన్న స్కానర్ ఒకటి దొరుకుతుంది కదా, దాన్ని కొనుక్కున్నాడు. అది బండి కంప్యూటర్‌తో మాట్లాడి లోపమేమిటో ఫోన్‌లో చూపిస్తుంది. గిరాకీ చాయ్ తాగడానికి పోయినప్పుడు దాన్ని గుచ్చి చూసుకునేవాడు. వాళ్లు తిరిగొచ్చాక బానెట్ ఎత్తి, కళ్లు మూసుకుని, నిండుగా గాలి పీల్చి, ఫోన్‌లో చదివిందే చెప్పేవాడు. జనం ముక్కున వేలేసుకునేవారు. అంత సిగ్గుమాలిన పని అతను జన్మలో చేయలేదు. అయినా మానలేకపోయాడు. ఏం చేస్తాడు, గిరాకీ బండి దిగీ దిగకముందే "మంజన్నా, జర వాసన జూసి చెప్పు" అనేవాళ్లు.

అలాంటి రోజుల్లో రాఘవయ్య కారు వచ్చింది.

రాఘవయ్యది గుడివాడ దగ్గర పల్లె. ఇక్కడ బండ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగానికని వచ్చి, రిటైరయ్యేదాకా చేసి, ఊరు అలవాటై ఉండిపోయాడు. మనిషి శుభ్రమైనవాడు, మాట మర్యాద గలవాడు. ఉన్న దురలవాటల్లా నస్యం. వెండి డబ్బీ ఎప్పుడూ జేబులోనే ఉండేది. కారు ఆయన కొన్నప్పుడు కొత్తదే, ఇప్పుడు దాని తోటి బండ్లన్నీ తుక్కు కింద పోయాయి. తెల్లరంగు, పెట్రోలు బండి. దాన్ని మంజునాథ్ తప్ప వేరే చెయ్యి ముట్టుకోకూడదని ఆయన పట్టుదల.

ఈ మధ్య ఆ కారు మీద పని పెరిగింది. ఆయన భార్య రాజ్యలక్ష్మికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు కీమో కోసం హైదరాబాద్ పోయి రావాలి. బస్సులో దుమ్ము, జనం. ఒంట్లో శక్తి లేని మనిషి, బయటి గాలి తగలకుండా అద్దాలు ఎత్తి ఏసీలో తీసుకురమ్మన్నారు ఆస్పత్రి వాళ్లు. అందుకని రాఘవయ్యే నడుపుకుంటూ తీసుకుపోతున్నాడు.

"ఏమయ్యా మంజునాథూ, డ్యాష్‌బోర్డులో ఈ పసుప్పచ్చ దీపం వెలిగి ఆరట్లేదు. మైలేజీ కూడా సగానికి పడిపోయింది. ఆవిణ్ణి ఎక్కించుకుని దారిలో ఆగిపోతే నా గతేం గాను?" అన్నాడు రాఘవయ్య తాళాలు చేతిలో పెడుతూ.

"ఆగదు సార్. జర కూసోన్రి, చాయ్ దాగున్రి."

ఆయన చాయ్ తాగే లోపల మంజునాథ్ స్కానర్ గుచ్చాడు. ఆక్సిజన్ సెన్సర్ దగ్గర లోపం, పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని చూపించింది. యథాప్రకారం బానెట్ ఎత్తి, పీల్చి, ఆయన వైపు తిరిగాడు.

"ఆక్సిజన్ సెన్సర్ సార్. ఇంజన్ నుంచి బయటికి పోయే పొగల ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి కంప్యూటర్‌కు చెప్తది. దాన్ని బట్టి కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ తక్కువ జేస్తది. మనిషికి ముక్కెట్లనో ఇంజన్‌కు అది గట్ల."

చెప్పాక ఆ పోలిక తనకే గుచ్చుకుంది. రాఘవయ్య మాత్రం మెచ్చుకోలుగా తల ఊపి, ఒక పట్టు నస్యం పీల్చి, ఇంటికి వెళ్లిపోయాడు.

స్కానర్ లోపం పేరు చెబుతుంది గానీ చెయ్యి పట్టుకుని చోటు చూపించదు. ఈ పాత బండిలో రెండు సెన్సర్లు. ఒకటి కింద సైలెన్సర్ దగ్గర, ఒకటి పైన ఇంజన్ పొగ గొట్టంలో. చెడిందన్నది పైది. అదెక్కడ పెట్టారయ్యా అంటే ఇంజన్ వెనకాల, డ్రైవర్ కాళ్ల వైపు, వేడి తగలకుండా అడ్డం పెట్టిన రేకు కింద. రేకు బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. వాటికి నూనె పోసి నానబెట్టి, ఒకటి విరగ్గొట్టి, మొత్తానికి రేకు తీశాడు. ఇంజన్ నడుస్తుండగానే తల దూర్చి, టార్చి వేసి, సెన్సర్ వైరు ఎటు నుంచి ఎటు పోయిందో చూసుకున్నాడు. కళ్లు భగ్గుమని మండాయి. పక్కన మిర్చి గోదాము, బస్తాలు దించుతున్నారేమో అనుకుని భుజంతో తుడుచుకున్నాడు.

ఇంజన్ ఆపి, చల్లారాక సెన్సర్ విప్పాడు. దాని మొన నల్లగా మసిబారి ఉంది. పెట్రోలు నిజంగా తక్కువైతే మొన తెల్లగా పాలిపోయి ఉండాలి. మంజునాథ్ ఆ మసి చూశాడు. చూసి, పాతదైంది కదా ఎందుకు మురికి ఉండదు అనుకుని, పక్కన పడేశాడు. ఫోన్ సెన్సర్ అంటోంది, అతను సెన్సర్ మార్చాడు. ముక్కు ఉన్న రోజుల్లో అయితే ఫోన్ మాట అంత తేలిగ్గా చెవినేసుకునేవాడు కాదు. కొత్తది బిగించి, స్కానర్‌తో దీపం ఆర్పి, కారు అప్పజెప్పాడు.

కొన్నాళ్లకు దీపం మళ్లీ వెలిగింది. ఈసారి హైదరాబాద్ నుంచి వస్తూ వస్తూ దారిలోనే షెడ్డు దగ్గర ఆగారు. ముందు సీట్లో రాజ్యలక్ష్మి కూర్చుని ఉంది. తలకు స్కార్ఫు, ముఖానికి మాస్కు. పచ్చగా కళకళలాడుతూ ఉండే మనిషి వడలిపోయి పిడికెడైంది.

"కొత్త సెన్సర్ కుదురుకోవాలె సార్, కొన్ని దినాలు గట్లనే అంటది" అన్నాడు. అబద్ధమని అతనికే తెలుసు. అసలు సంగతి అంతుపట్టలేదు, అంతే. దీపం ఆర్పాడు.

అప్పుడు రాజ్యలక్ష్మి మాస్కు కిందికి లాగి, మెల్లగా అంది. "బాబూ, కారులో ఏదో పొగ వాసన వస్తోంది. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువగా ఉంటోంది. తల తిరిగిపోతోంది."

"మందుల వల్ల మంజునాథూ. మొన్న మంచినీళ్లు కూడా ఇనుము వాసనంది. కీమోలో అలా ఉంటుందని ఆస్పత్రి వాళ్లు ముందే చెప్పారు" అన్నాడు రాఘవయ్య. ఆయన గొంతులో విసుగు లేదు, దిగులే ఉంది. "నాకైతే ఏమీ తెలియట్లేదు. నా ముక్కు సంగతి సరే, ఈ నస్యంతో ఎప్పుడో మొద్దుబారింది. నువ్వొకసారి చూసి చెప్పవయ్యా. నువ్వు లేదంటే లేనట్టే. ఆవిడ మనసు కుదుటపడుతుంది."

మొగుడూ పెళ్లాం ఇద్దరూ అతని ముఖం వైపే చూస్తున్నారు. ఆ చూపు మంజునాథ్‌కు చిన్నప్పటి నుంచీ తెలుసు. దేవుడి ముందు పువ్వు ఎటు పడుతుందో అని చూసేవాళ్ల చూపు అది. అప్పుడైనా చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది, బయటికి రాలేదు. అతను తలుపు తీసి, లోపలికి వంగి, ఏసీ గాలి వచ్చే చోట ముఖం పెట్టి, కళ్లు మూసుకుని, ఎప్పటికన్నా గట్టిగా, గుండెల నిండా పీల్చాడు.

"ఏం లేదమ్మా. మొత్తం సాఫ్ ఉన్నది."

రాజ్యలక్ష్మి మాస్కు పైకి లాక్కుని, "అయితే నాదేనన్నమాట" అంది. తప్పు చేసి పట్టుబడ్డ పిల్లలా ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. కారు వెళ్లిపోయింది. ఆ పూట మంజునాథ్‌కు అన్నం దిగలేదు. అయినా తనకు తాను బాగానే సర్దిచెప్పుకున్నాడు. ఆస్పత్రి వాళ్లే చెప్పారట కదా, మందుల వల్లే అయి ఉంటుంది.

ఆ తర్వాతి కీమోకు పోతుండగా ఆమె స్పృహ తప్పింది.

రాఘవయ్య మర్నాడు కారు తెచ్చి నిలబెట్టి, స్టూలు మీద కూలబడి చెప్పాడు. కోహీర్ మలుపు దాటుతుండగా వాంతి వస్తోందందట. ఆపేలోపలే తల పక్కకు వాల్చేసిందట. ఎంత పిలిచినా పలకలేదు. తలుపులన్నీ తెరిచి, రోడ్డు పక్కన జామపండ్లు అమ్మే ఆమె సాయం పడితే బయటికి దింపి చాప మీద పడుకోబెట్టారట. నీళ్లు చల్లి, విసిరితే, కాసేపటికి కళ్లు తెరిచింది. ఆస్పత్రిలో నీరసమన్నారు, రక్తం తక్కువగా ఉందన్నారు, కీమో వాయిదా వేశారు.

"అసలు మాట్లాడటమే మానేసిందయ్యా. దారిలో ఎలా ఉంది రాజ్యం అంటే, బాగానే ఉందండీ అంటుంది. పడిపోయేదాకా ఒక్క మాట చెప్పలేదు." ఆయన నస్యం డబ్బీ తీశాడు గానీ మూత తెరవలేదు. "నిన్న నాకూ తల దిమ్మెక్కిపోయింది. కంగారు వల్ల కాబోలు. సర్లే, ఆ దీపం మళ్లీ వెలిగింది, చూడు. వచ్చే వారం మళ్లీ పోవాలి."

ఆయన ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. మంజునాథ్ కదలకుండా నిలబడ్డాడు. ఆమెకు తల తిరిగిందంటే మందులు. మరి ఆయనకెందుకు తిరిగింది? ఆయన ఏ మందులూ మింగలేదు కదా.

ఆ రోజు స్కానర్ ముట్టలేదు. ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పాడు. అన్నీ కుంపటి అడుగులా నల్లగా ఉన్నాయి. పెట్రోలు తక్కువైన ఇంజన్‌లో ప్లగ్గులు ఇలా ఉండవు, ఎక్కువై కాలక మిగిలితేనే ఇంత మసి పడుతుంది. సెన్సరేమో పెట్రోలు తక్కువ అంటోంది. రెంటిలో ఒకటి అబద్ధం కావాలి. షెల్ఫు మీద పారేసిన పాత సెన్సర్ తీసి, చాయ్ కాచుకునే స్టవ్వు మంటలో దాని మొన పెట్టి, వైర్లకు మీటర్ ఆనించాడు. మీటర్ ముల్లు లేవవలసినంత లేచింది. మంట నుంచి తీస్తే పడింది. మళ్లీ పెడితే మళ్లీ లేచింది. దానికి ఏ జబ్బూ లేదు. బంగారంలాంటి సెన్సర్‌ను విప్పి పారేశాడు.

అంటే అది మొదటి నుంచీ నిజమే చెప్పింది. దాని దాకా వచ్చిన పొగలో గాలి ఎక్కువే ఉంది. ఇంజన్ వదిలిన గాలి కాదు, మధ్యలో ఎక్కడో బయటి నుంచి కలిసిన గాలి. కంప్యూటర్ అది నమ్మి పెట్రోలు కుమ్మరిస్తూ పోయింది. గాలి లోపలికి దూరే సందు ఉంటే, పొగ బయటికి వచ్చే సందు కూడా అదే.

మంజునాథ్ రేకు తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి, గొట్టం వేడెక్కకముందే సబ్బునీళ్లలో బ్రష్షు ముంచి, ఇంజన్‌కూ పొగ గొట్టానికీ మధ్య అతుకు మీద పూశాడు. సెన్సర్‌కు జానెడు దూరంలో నురగ ఉబ్బి బుడగలు తేలింది. టార్చి వేస్తే అతుకు మధ్య ప్యాకింగ్ కాలిపోయి, పక్కనే సన్నగా చీలిక, దాని కింద నల్లటి మసి చార. సెన్సర్ మార్చిన రోజు అతని ముఖం ఉన్నది సరిగ్గా అక్కడే. కళ్లు మళ్లీ భగ్గుమన్నాయి. అలవాటుగా గోదాము వైపు చూశాడు. గోదాముకు తాళం వేసి ఉంది.

ఇంజన్ ఆపి, నేల మీద కూర్చుండిపోయాడు. ఆ చీలిక నుంచి వచ్చే పొగ ఇంజన్ వెనకాల అద్దం అడుగు నుంచి ఏసీలోకి పోతుంది, ఏసీ నుంచి ఆమె ముఖం మీదికి పోతుంది. అద్దాలన్నీ ఎత్తి ఉంటాయి. ఈ సంగతి తెలుసుకోవడానికి స్కానర్లూ మీటర్లూ అక్కర్లేదు. ముక్కున్నవాడెవడైనా చెబుతాడు. ముక్కున్న మనిషి చెప్పింది కూడా. ఆమె చెప్తే వీడు లేదన్నాడు. వీడి మాట నమ్మి మొగుడు ఆమెను నమ్మలేదు, ఆఖరికి ఆమె తనను తాను నమ్మలేదు. మంజునాథ్‌కు ఏడుపు వచ్చింది. షెడ్డులో ఎవరూ లేరు కాబట్టి ఆపుకోలేదు.

బాగు చేయడానికేముంది, బాగు చేశాడు. గొట్టం దింపి, చీలికకు వెల్డింగ్ పెట్టించి, కొత్త ప్యాకింగ్ వేసి బిగించాడు. సబ్బునీళ్లు పూస్తే బుడగ లేదు. స్కానర్‌లో సెన్సర్ అంకెలు పైకీ కిందికీ ఆడాయి, ఆరోగ్యంగా ఉన్న సెన్సర్‌కు ఆ ఆట ఉండాలి. అన్నీ సరిపోయాయి. ఏసీ వేసి, అద్దాలు ఎత్తి, లోపల చాలాసేపు కూర్చుని పీలుస్తూనే ఉన్నాడు. వాసన పోయిందో లేదో ఈ జన్మకు అతనికి తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం కారు కోసం ఇద్దరూ వచ్చారు. రాజ్యలక్ష్మి ఆటో దిగి, భర్త భుజం పట్టుకుని, షెడ్డు ముందు నిలబడింది. అదే సమయానికి శివమ్మ అన్నం డబ్బా తెచ్చి, స్టూలు తుడిచి ఆమెను కూర్చోబెట్టింది.

"పొగ గొట్టం అతుకు పోయింది సార్. పొగ ఏసీల నుంచి లోపలికి వచ్చింది. ఇప్పుడు బందైంది" అన్నాడు మంజునాథ్ ఎవరి ముఖమూ చూడకుండా.

రాఘవయ్యకు వెంటనే ఎక్కలేదు. "పొగా? అప్పుడు నువ్వు చూసినప్పుడు లేదు కదా. ఆ తర్వాత పోయుంటుంది అతుకు."

అదిగో, దారి దానంతటదే దొరికింది. అవును సార్, తర్వాతే పోయింది అంటే సరిపోతుంది. ఎవరికీ అనుమానం రాదు. మంజునాథ్ నోరు తెరిచాడు. అంతలో రాజ్యలక్ష్మి అంది.

"బాబూ, నాకు ఇందులో ఎక్కాలంటే భయమేస్తోంది. మీరొకసారి లోపల వాసన చూసి చెప్పండి. మీరు లేదంటే ఎక్కుతాను."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. ఇంకా అతన్నే నమ్ముతోంది. తిట్టినా బాగుండేదనిపించింది మంజునాథ్‌కు. కారు తలుపు తీశాడు. లోపలికి వంగబోయాడు. వంగలేకపోయాడు.

"నాకు వాసన రాదమ్మా" అన్నాడు. "కరోనా అయినకాన్నుంచి రాదు. ఆ దినం గూడ రాలే. మీకు వచ్చింది నిజమే. పొగ అప్పటికే ఉండె."

రాఘవయ్య చెయ్యి జేబులోకి పోయింది, డబ్బీ తీసింది, మళ్లీ జేబులో పెట్టేసింది. ఆయన భార్య వైపు చూశాడు.

శివమ్మ ముందుకు వచ్చింది. ఇంట్లో మొగుడితో ఎప్పుడూ కన్నడంలోనే మాట్లాడే మనిషి, ఇప్పుడు మాత్రం అందరికీ తెలియాలన్నట్టు తెలుగులో అంది. "నాకు ఎరికే. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంత కంపుగొడ్తుంటే పక్కన కూసోని పేపర్ సదువుకున్నడు. ఎప్పుడన్న చెప్తడని ఊకున్న. నేనన్న అడగకపోతి." కొంగు నడుముకు చుట్టుకుని కారులోకి వంగింది. ఏసీ దగ్గర, సీట్ల కింద, వెనకాల, అంతా తిరగేసి చూసింది. బయటికి వచ్చి రాజ్యలక్ష్మి చెయ్యి పట్టుకుంది. "ఏం లేదమ్మా. ఒట్టు. కూసోన్రి."

రాజ్యలక్ష్మి లేచింది. కారు దాకా నడిచి, తలుపు దగ్గర ఆగి, భర్తతో అంది. "ఏమండీ, నాకు నిజంగానే వచ్చిందట వాసన." ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె కళ్లు మెరిశాయి, వెంటనే నీళ్లతో నిండాయి. "నేను అన్నీ చెప్పడం మానేశాను. వంటింట్లో గ్యాస్ వాసన వచ్చినట్టనిపించినా, ఇదీ నా భ్రమే కాబోలు అనుకుని ఊరుకునేదాన్ని."

"ఊరుకో రాజ్యం" అన్నాడు రాఘవయ్య. "నేనే వినలేదు."

ఆయన ఆమెను మెల్లగా సీట్లో కూర్చోబెట్టి, అటు తిరిగి స్టీరింగ్ దగ్గరికి పోయాడు. మంజునాథ్ తలుపు మూయడానికి చెయ్యి వేశాడు. రాజ్యలక్ష్మి తల ఎత్తి అతని ముఖంలోకి చూసింది. కోపం లేదు. అర్థం కాని లెక్కను అడిగినట్టే అడిగింది.

"వాసన రానప్పుడు, ఆ రోజు మరి అంత గట్టిగా ఎందుకు పీల్చారు బాబూ?"

మంజునాథ్ తలుపు మీది చెయ్యి తీసేశాడు. ఆమే తలుపు మూసుకుంది. రాఘవయ్య ఇంజన్ స్టార్ట్ చేశాడు, ఏసీ వేశాడు, పసుపు దీపం వెలగలేదు. కారు షెడ్డు దాటి రోడ్డెక్కింది. లారీలు దుమ్ము లేపుతూ పోతున్నాయి. ఆ దుమ్ములోనే, అద్దాలు దించొద్దని ఆస్పత్రి వాళ్లు అంతగా చెప్పినా, రాజ్యలక్ష్మి తన వైపు అద్దం పూర్తిగా కిందికి దించుకుంది. కారు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా అది మళ్లీ పైకి లేవలేదు.